వైరస్ పోయింది, లివర్ మిగిలింది

నా రిపోర్టు చూసి డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. నిలబడి చెయ్యి కలిపింది. అంతటితో ఆగలేదు. పక్క గదుల్లోని చిన్న డాక్టర్లను పిలిపించి, "ఇటు చూడండి. డెబ్భై దాటిన మనిషి, పాతికేళ్ళ లివర్. లివర్ అంటే ఇలా ఉండాలి" అని నా కాగితం చూపించింది. వాళ్ళు నోరు తెరిచి చూశారు. ఒకతను ఫోన్ తీసి ఫోటో కూడా కొట్టుకున్నాడు.

మా చిలకలగూడ బస్తీలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. ఇరానీ హోటల్లో చాయ్ చల్లారేదాకా చెప్పాను. మంగలి షాపులో మొహానికి నురగతోనే చెప్పాను. లష్కర్ బోనాల పండగకు ఇంటికొచ్చిన చుట్టాలను వరసగా కూర్చోబెట్టి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ చిన్న డాక్టర్ల సంఖ్య పెరుగుతూ పోయింది. ఆఖరుకు సగం ఆసుపత్రి వచ్చి నా లివర్‌ను దర్శనం చేసుకొని వెళ్ళింది.

అందులో నిజమెంతో ఆ చోటు వచ్చినప్పుడు ఒప్పుకుంటాను. నేను రైల్వేలో టీసీగా పనిచేసి రిటైరైన వాణ్ణి. టికెట్ లేనివాళ్ళు చెప్పే కథలు వినడమే ముప్పై ఏళ్ళకు పైగా నా ఉద్యోగం. తల్లి పోయిందని ఏడ్చి, మళ్ళీ ఏడాది అదే బండిలో అదే తల్లిని ఇంకోసారి చంపిన మనిషిని చూశాను. అన్ని కథలు విన్నవాడికి ఒకటి రెండు అల్లడం రాకపోతే ఆశ్చర్యపోవాలి.

ముందు జబ్బు సంగతి.

అది బయటపడింది ఒక ఎండాకాలంలో. నొప్పి లేదు, జ్వరం లేదు. అలసట ఒక్కటే. అది పని చేసి అలసిన అలసట కాదు. చొక్కా గుండీలు పెట్టుకునేసరికే కాసేపు కూర్చుందామనిపించేది. అన్నం ముందు కూర్చుంటే ఇంకెవరి కంచం ముందో కూర్చున్నట్టు ఉండేది. ఎండదెబ్బ అన్నాను.

"ఎండ బస్తీలున్న అందరికి కొడ్తలేదా? నీ ఒక్కనికే కొట్టిందా?" అంది మా అనసూయ. పెళ్ళైన కొత్తలోనే ఆమె నా మాటలకు సగం ధర కట్టడం నేర్చుకుంది. మర్నాడు నన్ను ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకుపోయింది.

రక్తం తీశారు, మళ్ళీ తీశారు. హెపటైటిస్ సి అన్నారు. ఎన్నో ఏళ్ళుగా లోపలే ఉందట, చడీచప్పుడు లేకుండా లివర్‌ను తింటూ ఉందట. చాలా కాలం క్రితం స్కూటర్ మీద నుంచి పడి తొడ ఎముక విరిగితే నాకు రక్తం ఎక్కించారు. అప్పట్లో రక్తంలో దీన్ని వెతికే పరీక్ష ఉండేది కాదట. "అలా వచ్చి ఉండొచ్చండీ. గట్టిగా చెప్పలేం" అంది డాక్టరమ్మ. ఆమె కోస్తా మనిషి, మాట మెత్తన. మెత్తగా చెబితే చెడ్డ మాట ఇంకా భయంగా వినిపిస్తుందని ఆ రోజే తెలిసింది.

లివర్ జబ్బు అనగానే జనం మొహంలో ఒక నవ్వు వస్తుంది. మా బావమరిది పలకరించడానికి వచ్చి, చెప్పులు విప్పకముందే, "బావా, ఎంత తాగినవే ఇన్నేండ్లు?" అన్నాడు. నేను పెళ్ళిళ్ళలో రెండు పెగ్గులకు మించి ఎరగను. కానీ ఎవరి రక్తమో ఎక్కించుకుని జబ్బు తెచ్చుకున్నానని చెప్పుకోవడం కంటే తాగి తెచ్చుకున్నానంటేనే మగతనంగా ఉంటుందనిపించింది. కంటోన్మెంట్‌లో మిలిటరీ దోస్తులు, క్యాంటీన్ రమ్ము, కూర్చుంటే ఒక సీసా అని చెప్పాను. ఆ జబ్బు వచ్చాక నేను ఎంత తాగని రమ్ము తాగానో! అనసూయ వంటింట్లోంచి విని గిన్నె గట్టిగా పెట్టింది.

మందు మూడు నెలలు. రోజుకు ఒక మాత్ర. మింగడానికి కష్టమేమీ లేదు, మింగిన తర్వాత మిగిలిన రోజంతా ఏం చేయాలన్నదే కష్టం. పొద్దున లేవగానే అద్దం ముందు నిలబడి కనురెప్ప కిందికి లాగి పచ్చదనం వెతుక్కునేవాణ్ణి. అనసూయ తన వంతుగా వంటలో పసుపు మానేసింది. కామెర్ల జబ్బులో పచ్చటిది కడుపులోకి పోతే కళ్ళలోకి వస్తుందని ఆమె లెక్క. డాక్టరు అలా చెప్పలేదని నేనంటే, "చెప్పకపోతే పాయె, నా భయం నాది" అంది. మూడు నెలలు పసుపు లేని పప్పు తిన్నాను. ఆసుపత్రి గోడను ఉడికించి వడ్డించినట్టు ఉండేది. అయినా వద్దనలేదు. ఆమెకు చేయడానికి అదొక్కటే ఉంది.

ఆమెకూ రక్తపరీక్ష చేయించారు. ఆ రిపోర్టు వచ్చేదాకా నేను ఆమె మొహం వైపు సరిగా చూడలేకపోయాను. ఏమీ లేదని వచ్చింది. ఆ రోజు మాత్రం నేను ఎవరికీ ఏ కథా చెప్పలేదు.

మాత్రలు అయిపోయాక ఇంకో మూడు నెలలు ఊరికే ఆగి, అప్పుడు వైరల్ లోడ్ అనే పరీక్ష చేశారు. వైరస్ ఒంట్లో ఎంత ఉందో చెప్పే పరీక్ష అది. చలి మొదలయ్యాక వచ్చింది ఫలితం. కాగితం మీద "నాట్ డిటెక్టెడ్" అని ఉంది. ఇంటికొచ్చాక కాగితంలో ఏం రాశారని అనసూయ అడిగితే తెలుగులో చెప్పాను: "దొరకలేదు."

"దొరకలేదా?"

"ఆ. ఒక్కటి సుత దొరకలే."

"దొరకకపోతే లేనట్టు ఎట్లయితది? మొన్న నీ కండ్లజోడు దొరకలే. లేకుండ పోయిందా? ఇంట్లనే ఉండె గదా, ఫ్రిజ్జు మీద."

"ఇది కండ్లజోడు కాదే. వైరస్."

"నువ్వు బండిల తిరిగి వచ్చి ఎన్నిసార్లు చెప్పలే, ఇయ్యాల ఎవ్వరు దొరకలే అని? దొరకనోళ్ళంత టికెట్ కొన్నోళ్ళేనా మరి?"

నా ఉద్యోగంలో దొరకలేదంటే నిజంగా అదే అర్థం. ఆ బండిలో టికెట్ లేనివాడు లేడని కాదు, బాత్రూంలో గడియ పెట్టుకున్నాడనో, నేను ఇటు వస్తుంటే అటు దిగి పోయాడనో. నవ్వి ఊరుకున్నాను. "లేదు" అని చెప్పి ఉంటే ఆమె మనసు ఆ రోజే కుదుటపడేది. ఆ ఒక్క మాట వంకరగా చెప్పినందుకు తర్వాత ఇంటిల్లిపాదీ ఎంత పరేషాన్ అయ్యామో చెబుతాను.

ఇప్పుడు ఆ డాక్టరమ్మ గదిలో నిజంగా ఏం జరిగిందో. లేచి నిలబడిన మాట నిజం. అది ఆమె భోజనానికి వెళ్ళే వేళ. చెయ్యి కలపలేదు, భుజం మీద చెయ్యి వేసింది. చిన్న డాక్టర్లు రాలేదు. నర్సు ఒకామె పెన్ను కోసం వచ్చి తీసుకుని వెళ్ళింది. ఫోటో ఎవరూ తీయలేదు. డాక్టరమ్మ చెప్పింది రెండు మాటలు. మొదటి మాట: "వైరస్ పోయింది పెద్దాయనా. నయమైపోయినట్టే. సంతోషం." రెండో మాట: "కానీ లివర్ బాగా గట్టిపడింది. లివర్ గట్టిదనం కొలిచే ఫైబ్రోస్కాన్‌లో కనబడుతోంది కదా, లోపల మచ్చలు పడిపోయాయి. అది వైరస్‌తో పాటు పోదు. అలాంటి లివర్‌లో గడ్డలు పుట్టే భయం ఉంటుంది. ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ చేయించుకుని చూపించండి. ఎప్పటికీ మానకూడదు."

పాతికేళ్ళ లివర్ ఇక్కడ ఎక్కడా లేదు. అది నేను మెట్లు దిగుతూ తయారు చేసుకున్నది.

రెండో మాట నాకు వినబడలేదని చెప్పను. వినబడింది. అప్పుడు అనసూయ మందుల కౌంటర్ దగ్గర లైన్లో ఉంది. గదిలో నేనొక్కణ్ణే. కౌంటర్ దగ్గరికి చేరేలోపు మొదటి మాట ఉబ్బి ఉబ్బి రెండో మాటకు చోటు లేకుండా చేసింది. ఆమె ఆత్రంగా, "ఏమన్నరు?" అంది. "పోయింది" అన్నాను. ఆ చుట్టూ ఉన్న మనుషుల మధ్య ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ మొహానికి రెండో మాట ఎలా చెప్పాలి? రేపు చెబుదామనుకున్నాను.

పైగా నా దగ్గర సాక్ష్యం ఉంది. రక్తపరీక్ష కాగితంలో తేడా ఉన్న అంకెలు లావు అక్షరాల్లో ఉంటాయి. లివర్ తాలూకు ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ అనేవి అన్నీ సన్న అక్షరాల్లోనే ఉన్నాయి, నార్మల్. బండిలో ఒకసారి టికెట్ చూసి టిక్కు పెట్టామంటే ఆ ప్రయాణికుణ్ణి దిగేదాకా మళ్ళీ లేపం. నేనూ నా లివర్‌కు టిక్కు పెట్టేశాను. ఆరు నెలలు గడిచాయి. ఏడాది గడిచింది. ఒంట్లో బాగుంది, ఆకలి వేస్తోంది, పప్పులోకి పసుపు వచ్చింది. బాగున్నవాణ్ణి పోయి స్కానింగు లైన్లో కూర్చోవడమేమిటి?

రెండో బోనాలు కూడా అయిపోయాక కుడికన్ను మసకబారింది. శుక్లం అన్నారు. కంటి ఆసుపత్రిలో ఆపరేషన్‌కు ముందు మామూలుగా చేసే రక్తపరీక్షలు చేశారు. మర్నాడు కౌంటర్‌లోని కుర్రాడు కాగితం చూసి, చుట్టుపక్కల వాళ్ళంతా వినేలా, "అంకుల్, మీకు హెపటైటిస్ సి పాజిటివ్ ఉంది. ముందే చెప్పాలి కదా" అన్నాడు. నా పక్కన కూర్చున్నాయన తన సంచీని ఒళ్ళోకి తీసుకున్నాడు. లివర్ డాక్టరు దగ్గర రాయించుకుని వస్తేనే ఆపరేషన్ అన్నారు.

ఇంట్లోకి వచ్చి తాళం చెవి మేకుకు తగిలించాక అనసూయ అంది. "నేను అప్పుడే చెప్పిన. దొరకలేదంటే ఇంట్లనే ఉన్నదని."

సాయంత్రానికి మా బిడ్డ సునీత వచ్చింది. పద్మారావు నగర్‌లో ఉంటుంది, అక్కడే బడిలో టీచరు. దాని కూతురు, అయిదేళ్ళది, ఎప్పుడొచ్చినా నా పళ్ళెంలోనే తింటుంది. ఆ రోజు కూడా వచ్చి నా ఉప్మాలో చెయ్యి పెట్టబోయింది. సునీత దాని చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

"తాత పళ్ళెం తాతది. నీకు వేరే పెడ్త రా."

"ఎందుకు?"

"చెప్పిన గదా, రా."

నేను తల వంచుకుని తిన్నాను. అనసూయ ఇద్దరినీ చూసి పొయ్యి దగ్గరికి పోయింది. ఆ తర్వాత నేను పద్మారావు నగర్ వైపు నడవడం మానేశాను.

వెంటనే లివర్ డాక్టరమ్మ దగ్గరికి పోదామని అనసూయ రోజూ పోరింది. నేను మోకాలు నొప్పి అన్నాను, ఆసుపత్రిలో సర్వర్ డౌన్ అన్నాను, ఆమె సెలవులో ఉందన్నాను. వైరస్ తిరిగి వచ్చిందని భయపడుతున్నాననుకుని అనసూయ నాకు ధైర్యం చెప్పేది. మళ్ళీ మూడు నెలలు మందు వాడదాం, పసుపు మానేద్దాం అనేది. నా భయం వేరు. అక్కడికి పోతే ఒక ప్రశ్న అడుగుతారు, దానికి నా దగ్గర జవాబు లేదు. రెండేళ్ళుగా లోపల ఏం పెరిగిందో ఎవరూ చూడలేదు. ఆ సంగతి తెలిసింది నాకొక్కడికే. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటూ కుడిపక్క డొక్కలో చెయ్యి వేసి చూసుకునేవాణ్ణి, గట్టిగా ఏమైనా తగులుతుందేమోనని. ఏమీ తగలదు. తగలకపోయినా భయమే.

చివరికి సునీత సెలవు పెట్టి వచ్చి, "నాయినా, నడువు. ఆటో కింద నిలవడ్డది" అంది. ఎక్కాను.

ఆ వెయిటింగ్ హాల్లో నా పక్కన భాస్కరరావు గారని ఒకాయన కూర్చున్నారు. గుంటూరు వైపు వాళ్ళు, కొడుకు దగ్గర ఉంటున్నారట. కాళ్ళూ చేతులూ పుల్లల్లా ఉన్నాయి, పొట్ట మాత్రం ముందుకు పొడుచుకుని వచ్చింది. ఆయన భార్య బత్తాయి ఒలిచి తొనలు ఇస్తుంటే, రెండు తొనలు నా చేతిలో పెట్టారు.

"తీసుకోండి. నాకు ఇవి కూడా ఎక్కట్లేదు. మీకేంటండీ సమస్య?"

"నాకు హెపటైటిస్ సి ఉండె. నయమైంది. మల్ల వచ్చిందంటున్నరు."

ఆయన నవ్వారు. "నాదీ సీ యేనండి. వైరస్ పోయి మూడేళ్ళయింది. నాట్ డిటెక్టెడ్."

"మరి?" అని ఆయన పొట్ట వైపు చూసి, చూసినందుకు సిగ్గుపడ్డాను.

"మరి ఇదండి. గడ్డ. చూసుకునేసరికి చెయ్యి దాటింది. పోయిందన్నారు కదా అని మేం పండగ చేసుకున్నాం. స్కానులవీ ఎవరు చేయించుకున్నారు?" ఆయన భార్య మిగిలిన తొనల మీది ఈనెలు తీస్తూనే ఉంది. "చెప్పారండీ, డాక్టరు గారు చెప్పారు. వీరే వినలేదు" అంది, ఎవరి వైపూ చూడకుండా.

బత్తాయి తొన నా నోట్లోనే ఉండిపోయింది.

లోపలికి పిలిచారు. ఈసారి ముగ్గురం వెళ్ళాం. డాక్టరమ్మ కంటి ఆసుపత్రి కాగితం చూసి తేలిగ్గా పక్కన పెట్టింది. "దీనికా ఇంత కంగారు? ఇది యాంటీబాడీ పరీక్షండీ. వైరస్ ఒకప్పుడు వచ్చిందని ఒంట్లో మిగిలిపోయే గుర్తు. నయమైనా ఆ గుర్తు పోదు. మీరు ఇంకో పదేళ్ళకు చేయించినా పాజిటివ్ అనే వస్తుంది. వైరస్ ఉందో లేదో చెప్పేది వైరల్ లోడ్. మీ తృప్తి కోసం అది ఇంకోసారి చేద్దాం."

"అయితే ఇంట్ల లేదామ్మా అది?" అంది అనసూయ.

డాక్టరమ్మకు అర్థం కాకపోయినా సరిగ్గానే చెప్పింది. "లేదమ్మా. పోయింది."

సునీత అడిగింది. "మేడం, కలిసి తింటే, ఒక్క పళ్ళెంల తింటే వస్తదా?"

"రాదు. వైరస్ ఉన్నప్పుడు కూడా అలా రాదు. రక్తంతో వస్తుంది."

సునీత మొహం ఎర్రబడింది. నేను ఆమె వైపు చూడలేదు. అప్పటికే డాక్టరమ్మ ఫైలు తిరగేస్తోంది. అటూ ఇటూ చూసి, కింద పడిందేమోనని టేబుల్ కింద కూడా చూసి, అడగనే అడిగింది.

"మీ స్కాన్‌లు ఏవండీ?"

"ఏ స్కాన్లు?" అంది అనసూయ.

"ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ చేయించమన్నాను కదా. రెండేళ్ళవి ఉండాలి."

అనసూయ నన్ను చూసింది. నా జీవితంలో ఎంతోమంది అబద్ధగాళ్ళను పట్టుకున్నాను. పట్టుబడ్డ మనిషి కళ్ళు ఎక్కడ పెట్టుకుంటాడో నాకు తెలుసు. నేనూ అక్కడే పెట్టుకున్నాను, చెప్పుల మీద.

"ఎస్‌జీపీటీ నార్మల్ ఉండె గదా మేడం" అన్నాను.

"అది ఇవాళ లివర్ మండుతోందా లేదా అన్నది చెబుతుంది పెద్దాయనా. ఇన్నాళ్ళూ మండి ఎంత పాడైందో చెప్పదు. అందులో గడ్డ పుట్టిందో లేదో అసలే చెప్పదు. ఇవాళే స్కాన్ చేయించండి. ఇంటికెళ్ళొస్తామనకండి."

బయట కారిడార్‌లో అనసూయ నా పక్కన కూర్చోలేదు. రెండు కుర్చీలు వదిలి కూర్చుంది. నాతో కాదు, ఎదుటి గోడతో అంది. "రెండేండ్లు నాకు చెప్పలే. పోయిందంటె ఏడ్చిన గదా నేను. నవ్వుకున్నవా?"

"లేదే."

"మరేం జేసినవ్?"

అప్పుడే స్కాన్‌కు నా పేరు పిలిచారు, లేచి వెళ్ళాను.

స్కాన్ గదిలో చల్లటి జిగురు రాసి యంత్రం పెట్టి తిప్పుతూ, అక్కడి డాక్టరబ్బాయి సరదాగా మాట్లాడుతున్నాడు. ఎక్కడుంటారు అంకుల్, రైల్వేనా, మా మామయ్య కూడా రైల్వేనే అన్నాడు. ఊపిరి బిగబట్టండి, వదలండి. మళ్ళీ బిగబట్టండి. మామయ్య సంగతి మధ్యలో ఆగిపోయింది. యంత్రం ఒకేచోట నిలబడింది. ఇంకొంచెం జిగురు రాశాడు. "ఇంకోసారి బిగబట్టండి" అన్నాడు, అప్పటి గొంతు కాదది. అతను మళ్ళీ మామయ్య గురించి మాట్లాడతాడేమోనని ఎదురు చూశాను. పేపరు తువాలు నా చేతికిచ్చి, "తుడుచుకోండి సార్" అన్నాడు. అంతవరకు అంకుల్ అన్నవాడు సార్ అన్నాడు.

లివర్ కుడివైపున కొత్తగా ఒక మచ్చ, గడ్డేమోనని అనుమానం కలిగించేది. చిన్నదే, కానీ వదిలేసేంత చిన్నది కాదు. సీటీ స్కాన్ తీసి చూడాలన్నారు.

సీటీకి తేదీ దొరికేదాకా, తీశాక రిపోర్టు వచ్చేదాకా మా ఇల్లు ఎలా ఉందో రాయడం నాకు చేతకాదు. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. టీవీ పెట్టుకుంటే చప్పుడు తగ్గించి పెట్టుకున్నాం. నేను అప్పుడొక చిల్లర పని చేశాను. అలమరా తెరిచి పెన్షన్ కాగితాలు, బ్యాంకు పాసుబుక్కులు ఒక్కచోట పెట్టి అనసూయకు చూపించబోయాను. ఆమె చూడలేదు. "అన్నం సల్లగైతది" అంది.

ఇరానీ హోటల్‌కు ఒకసారి వెళ్ళాను. పాత దోస్తు ఒకడు పక్కవాడికి నన్ను చూపిస్తూ, "ఈయననే, పాతికేండ్ల లివర్" అన్నాడు గర్వంగా. నా కథ వాడి నోట్లో ఇంకా బాగుంది. డాక్టరమ్మ నాకు దండ కూడా వేసింది అందులో. చాయ్ సగంలో వదిలి వచ్చేశాను.

ఒక ఆదివారం సునీత కూతుర్ని తీసుకుని వచ్చింది. ఇడ్లీలు తెచ్చింది. ఒకటే పళ్ళెంలో పెట్టి నా ముందు, పిల్ల ముందు జరిపింది. "తాతకు తినిపియ్" అంది. పిల్ల నా నోట్లో కుక్కిన ముక్కలో సగం నా చొక్కా మీద పడింది. సునీత అది తీస్తూ, చొక్కా వైపే చూస్తూ, "నాయినా, గప్పుడు నాకు ఏం తెల్వలే" అంది. "స్కాన్ల మాట నాకు తెలిసి సుత చెప్పలే, నీకన్న నేనే ఎక్కువ తప్పు జేసిన" అన్నాను. అంతకు మించి మేమిద్దరం ఆ సంగతి మాట్లాడుకోలేదు.

వైరల్ లోడ్ ఫలితం ముందు వచ్చింది, మళ్ళీ నాట్ డిటెక్టెడ్. ఈసారి అనసూయకు "లేదు" అని చెప్పాను. ఆమె తలూపింది. ఇప్పుడు ఆమె భయం దాని గురించి కాదు.

సీటీ రిపోర్టు తీసుకోవడానికి వెళ్ళిన రోజు హాల్లో భాస్కరరావు గారి భార్య కనబడింది. ఒక్కతే ఉంది, ఏవో కాగితాలకు సంతకం కోసం వచ్చినట్టుంది. నుదుట బొట్టు లేదు. నేను నిలబడిపోయాను. ఆమే దగ్గరికి వచ్చింది. "మీ రిపోర్టు వచ్చిందా అన్నయ్యగారూ?" అంది. ఆయన సంగతి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. "ఇంకా రాలేదమ్మా" అన్నాను. "భయపడకండి. మీరు వచ్చారు కదా, చూపించుకుంటున్నారు కదా" అని, అనసూయ చెయ్యి కాసేపు పట్టుకుని వెళ్ళిపోయింది. తన ఇంట్లో అంత జరిగిన మనిషి నా కాగితం గురించి అడిగింది. నేను ఆమె అంత మంచివాణ్ణి అయ్యే వయసు దాటిపోయాను.

ఈ మందు వాడి నయమైనవాళ్ళు చాలామంది ఉంటారు. వాళ్ళ కోసం ఒక్క మాట రాస్తాను. వైరస్ లేదు అన్న కాగితం నిజమే, సంతోషించండి. కానీ లివర్ ఎంత పాడైందని డాక్టరును ఇంకో ప్రశ్న అడగండి. బాగా గట్టిపడిందంటే స్కాన్‌లు మానకండి. గదిలోకి ఒంటరిగా వెళ్ళకండి. ఇంట్లో ఎవరికి అబద్ధం చెప్పలేరో వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకోండి. యాంటీబాడీ పరీక్షలో పాజిటివ్ వస్తే ఇల్లు అల్లకల్లోలం చేసుకోకండి. నేను మాత్రం ఆ తప్పుడు భయం వల్లే అసలు పరీక్ష దాకా వచ్చాను. కంటి ఆసుపత్రిలో ఆ కుర్రాడు అంత గట్టిగా అరవకపోతే ఇంకా ఇంట్లోనే కూర్చుని ఉండేవాణ్ణి.

ఇక సీటీ ఫలితం. డాక్టరమ్మ ఫిల్మును వెలుతురు పెట్టె మీద పెట్టి చూసింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. తర్వాత నా వైపు తిరిగి నవ్వుతూ, "ఏం లేదు పెద్దాయనా, ఇంటికెళ్ళి హాయిగా పడుకోండి" అంది. అలా బయటపడ్డాను.

ఇంతవరకు రాసి అనసూయకు చదివి వినిపించాను. మెంతికూర తుంపుతూ విన్నది. రమ్ము దగ్గర మూతి ముడిచింది, బత్తాయి దగ్గర చెయ్యి ఆపింది. చివరి మాటలు వినగానే కూర గిన్నె పక్కకు జరిపింది.

"ఆమె గట్ల ఎప్పుడన్నది? నేను పక్కనే ఉన్న గదా. నవ్వలే సుత. ‘మచ్చ ఉన్నది, అదేందో ఇప్పుడే చెప్పలేం, మూడు నెలలకు మల్ల సీటీ తీసి చూడాలె, పెరిగితే అప్పుడు మాట్లాడుకుందాం’ అన్నది. మూడు నెలలు ఇంక కానే లే. బయటపడ్డ అని రాసుడేందయ్యా? కొట్టెయ్ అది. చదివెటోళ్ళు సుత బయటపడ్డమనుకొని ఇంట్ల కూసుంటరు."